ఫార్మర్ పేరు

ఆ ప్రశ్న పుట్టింది మిర్యాలగూడలో, ఒక రైస్ మిల్లు గేటు ముందు. 2021 నవంబరు. రాత్రి పదకొండు దాటింది. మా ముందు ఇరవై దాకా ట్రాక్టర్లున్నాయి, వెనక ఎన్నున్నాయో లెక్కపెట్టలేదు. మంచు పడుతోంది. ఉడికిన వడ్ల వాసన రోడ్డంతా కమ్ముకుంది. ఆ వాసన ఎరగనివాళ్లకు ఒక మాట చెప్పాలి. అది అన్నం వాసన కాదు. తడిసిన గడ్డిని పొయ్యి మీద పెట్టినట్టు, కాస్త పులిసినట్టు ఉంటుంది. మిర్యాలగూడలో నాలుగు రోజులుంటే ఆ వాసన బట్టలకు పట్టేస్తుంది.

కోదాడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద నాకు నాలుగెకరాల పొలం ఉంది. మా తాతగారి నుంచి వచ్చింది. ముప్ఫై నాలుగేళ్లు సర్కారు బళ్లలో ఇంగ్లిష్ చెప్పి, 2017లో రిటైరై, సూర్యాపేటలో ఉంటున్నాను. పొలం చేసేది మాత్రం పద్దెనిమిదేళ్లుగా ఒకే మనిషి. ఏడో తరగతి దాకా నా దగ్గర చదువుకున్నాడు. ఆ తర్వాత వాళ్ల నాయన చనిపోతే బడి మానేసి నాగలి పట్టాడు. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని ఇప్పటికీ చదువుతాడు. నన్ను ఇప్పటికీ సారూ అనే పిలుస్తాడు.

ఆ రాత్రి నేను అక్కడెందుకున్నానంటే, ఆ ఏడు సన్నవడ్లు మిల్లుకు తీసుకురావాలంటే టోకెను ఉండాలన్నారు. టోకెను పాసుపుస్తకం మీద ఇచ్చారు. పాసుపుస్తకం నాది. అందుకని నేనూ ట్రాక్టరెక్కాను.

కాలక్షేపానికి అతను పాత తక్‌పట్టీ, అంటే వడ్లు అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీ, ఒకటి జేబులోంచి తీసి సెల్‌ఫోన్ వెలుతురులో చూస్తున్నాడు. దాని మీద అచ్చు వేసిన గళ్లున్నాయి. ఒక గడిలో ఫర్మ్ పేరు, ఇంకో గడిలో ఫార్మర్ పేరు, రెండూ ఇంగ్లిష్‌లో.

"సారూ, ఇది ఫర్మ్, ఇది ఫార్మ్. రెండూ ఒక్క మాటేనా? ఒక్క అక్షరమే కదా తేడా?"

"కాదయ్యా. ఫర్మ్ అంటే వ్యాపార సంస్థ. ఫార్మర్ అంటే రైతు. దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నాను. ముప్ఫై నాలుగేళ్లు పాఠం చెప్పిన గొంతు అది, తడుముకోలేదు.

అతను తలూపి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెల్లవారుజామున మా వంతు వచ్చింది. గుమస్తా తేమ చూశాడు, తాలు చూశాడు, తరుగు ఎంతో చెప్పాడు. తర్వాత పెన్ను పట్టుకుని తలెత్తకుండా "ఫార్మర్ పేరు?" అన్నాడు. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను నా పేరు చెప్పాను.

ఇంటికొచ్చి నిద్రపోయి లేచాక, ఎందుకో ఆ ఒక్క అక్షరం తేడా మనసులో తిరుగుతూనే ఉంది. డిక్షనరీ తీశాను. నేను చెప్పింది తప్పు.

ఫర్మ్, ఫార్మ్ రెండూ ఒక్క కడుపున పుట్టిన మాటలు. లాటిన్‌లో ఫిర్ముస్ అంటే గట్టిది, కదలనిది. దాని నుంచి ఫిర్మారే, అంటే గట్టిపరచడం, ఖాయం చేయడం. రైలు టికెట్ కన్ఫర్మ్ అయిందా అని మనం రోజూ అడిగే మాట ఆ వేరుదే. గట్టిపరచడమంటే చేవ్రాలు చేయడం కూడా. స్పానిష్‌లో ఇప్పటికీ ఫిర్మా అంటే సంతకమే. వర్తకులు ఏ పేరుతో సంతకం పెడతారో ఆ పేరే వాళ్ల సంస్థకు పేరై, ఫర్మ్ అయింది. మిర్యాలగూడ వ్యాపారుల బోర్డుల మీద ఉన్న మాట అది.

ఇక ఫార్మ్. ఐరోపా మధ్యయుగపు లాటిన్‌లో ఫిర్మా అంటే మారని చెల్లింపు. పంట పండినా ఎండినా, ధర పెరిగినా పడిపోయినా, ఇంత అని ముందే ఖాయం చేసుకున్న మొత్తం. ఫ్రెంచివాళ్లు దాన్ని ఫెర్మ్ అన్నారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వరదలా ఇంగ్లిష్‌లోకి వచ్చాయి, ఇదీ అలా వచ్చిందే. అప్పటికి దాని అర్థం పొలం కాదు, మడి కాదు, నాగలి కాదు. కట్టవలసిన సొమ్ము. ఆ తర్వాత, ఆ సొమ్ము కట్టే ఒప్పందం. ఆ తర్వాత, ఆ ఒప్పందం మీద తీసుకున్న భూమి. చివరికెప్పుడో భూమి ఒక్కటే మిగిలి సొమ్ము సంగతి జనం మరిచిపోయారు. ఫెర్మ్ అన్నది ఫార్మ్ ఎలా అయిందంటే, ఇంగ్లిష్‌లో ఆ అక్షరం దగ్గర నోరు అలా తిరిగింది. రాసేది క్లెర్క్ అన్నట్టే రాసి, బ్రిటిష్‌వాళ్లు క్లార్క్ అని పలకడం మనకు తెలుసు కదా. పర్సన్ అనే మాట పార్సన్ అయి చర్చి గురువుకు పేరవడం కూడా ఆ దారినే.

ఫార్మర్ అనే మాట చరిత్ర ఇంకా గట్టిది. పద్నాలుగో శతాబ్దం చివర ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ఫార్మర్ అంటే సేద్యం చేసేవాడు కాదు, వసూలు చేసేవాడు. రాజుకు ఇంత కడతానని శిస్తు వసూలు హక్కును గుత్తకు తీసుకుని, జనం దగ్గర అంతకంత పిండుకునేవాడు. ఫ్రాన్సులో ఈ గుత్తేదార్లది పెద్ద వ్యవస్థ. ఆక్సిజన్‌కు పేరు పెట్టిన రసాయన శాస్త్రవేత్త లవోయిజియే అందులో భాగస్తుడు. విప్లవ కాలంలో, 1794 మే 8న, ఆ పనికే తల పోగొట్టుకున్నాడు. మన నిజాం రాజ్యంలోనూ అదే పద్ధతి ఉండేది, ఇజారా అనేవారు. 1853లో మొదటి సాలార్‌జంగ్ దివాను అయ్యాక దాన్ని తీసేసే పని పెట్టుకున్నాడు. ఆ ఇజారాదార్లను బ్రిటిష్‌వాళ్లు ఇంగ్లిష్‌లో ఏమనేవారో తెలుసా? రెవిన్యూ ఫార్మర్లు.

పదిహేనో శతాబ్దానికి ఆ మాట ఒక మెట్టు కిందికి దిగింది. భూస్వామికి ఖాయమైన కౌలు కట్టి అతని భూమి సాగు చేసేవాణ్ణి ఫార్మర్ అనసాగారు. పదహారో శతాబ్దం చివర గానీ నేల దున్నే ప్రతివాడికీ ఆ పేరు రాలేదు. అంటే రెండు వందల ఏళ్లలో ఆ మాట వసూలు చేసేవాడి దగ్గర బయల్దేరి, కట్టేవాడి మీదుగా, దున్నేవాడి దగ్గరికి వచ్చి ఆగింది. మనుషులంతా ఎక్కడానికి చూసే నిచ్చెనను ఒక మాట దిగి వచ్చింది. నాకు ఆ ప్రయాణం చాలా నచ్చింది.

ఇంగ్లిష్ సంగతి చూశాక మన మాటల సంగతి చూడకుండా ఎలా? రైతు మన మాట కాదు. అరబ్బీలో రయ్యత్ అంటే మంద. కాపరి కాసే మంద, అక్కడి నుంచి రాజు కాసే ప్రజ. అక్కడి నుంచి శిస్తు కట్టే సేద్యగాడు. కౌలు కూడా అరబ్బీదే. ఖౌల్ అంటే మాట. నోటితో ఇచ్చిన మాట. దాన్ని కాగితం మీద పెడితే కౌల్‌నామా.

అక్కడ నా వేలు పేజీ మీద ఆగిపోయింది. ఫార్మ్ అనే మాటలో సంతకం ఉంది. కౌలు అనే మాటలో మాట మాత్రమే ఉంది. మా పొలానికి పద్దెనిమిదేళ్లుగా కౌలే ఉంది గానీ కౌల్‌నామా లేదు.

ఎందుకు లేదో దాచుకోను. మా వైపు పట్టాదార్లు కౌలు కాగితం రాయరు. ఈ భయం నిన్న మొన్నటిది కాదు. సూర్యాపేట తాలూకాలో ఎర్రబాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలుండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అలాంటి భూముల మీద దున్నేవాళ్లు తుపాకీ పట్టిన నేల ఇది. ఆ తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారులన్నారు. 38-ఈ అనే సెక్షను కింద కౌలుదారుకే భూమి దక్కే వీలు వచ్చింది. అప్పటి నుంచి ముప్ఫై ఎనిమిది అనే అంకె వింటేనే పట్టాదారు కాగితం దాచేస్తాడు. 2011లో సాగుదారుల చట్టం తెచ్చి, కౌలు రైతుకు బ్యాంకు అప్పు కోసం గుర్తింపు కార్డు ఇస్తామన్నారు. దానివల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెప్పింది. ఆ కార్డు కోసం కౌలు కాగితం రాసివ్వమని అతను వచ్చి అడిగాడు. నేను ఇంగ్లిష్‌లో ఆ చట్టం చదివినవాణ్ణి, హక్కు రాదని తెలిసినవాణ్ణి. అయినా "మన మధ్య కాగితాలెందుకయ్యా, మాట చాలదా?" అన్నాను. అతను మళ్లీ అడగలేదు.

మాట మీద నిలబడింది మాత్రం అతనే. ఎకరాకు ఏడాదికి ఇరవై బస్తాలు, నాలుగెకరాలకు ఎనభై. బస్తా అంటే మా వైపు 75 కిలోలు. 2015-16 కరువులో సాగర్ నీళ్లు మా పొలాలకు రాలేదు. నేల నెర్రెలు బాసింది. ఆ ఏడు సగం ఇస్తే చాలన్నాను, అదొక దయలాగా. నలభై బస్తాల డబ్బు తెచ్చి మా ఇంటి అరుగు మీద పెట్టి వెళ్లాడు. గింజ పండని ఏడు ఆ డబ్బు ఎక్కడ తెచ్చాడో నేను అడగలేదు. ఫిర్మా అంటే ఏమిటో తెలుసుకోవడానికి నాకు లాటిన్ అక్కర్లేదు, అది మా అరుగు మీదే ఉంది.

తర్వాత 2018 మే 10న రైతుబంధు అనే పెట్టుబడి సాయం పథకం వచ్చింది. ఎకరాకు పంటకు 4,000 రూపాయలు, మరుసటేటి నుంచి 5,000. పట్టాదారుకే ఇచ్చారు, కౌలుదారుకు లేదు. పాత పహాణీలో సాగు ఎవరు చేస్తున్నారో రాసే గడి ఒకటుండేది. కొత్త రికార్డుల్లో ఆ గడీ పోయింది. రైతు బీమా వచ్చింది, పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు రైతు చనిపోతే ఇంటివాళ్లకు 5 లక్షలు. నాకు వయసు దాటింది. అతనికి వయసుంది, పాసుపుస్తకం లేదు. ఆ నాలుగెకరాల మీద బీమా ఉన్న మనిషి ఎవరూ లేరు.

ఇవన్నీ తలలో తిరుగుతున్న రోజుల్లోనే సూర్యాపేటలో ఒక సంఘంవాళ్లు వచ్చారు. డిసెంబరు 23 మాజీ ప్రధాని చౌధరి చరణ్‌సింగ్ పుట్టినరోజు, రైతు దినోత్సవం. మీరు రెండు మాటలు మాట్లాడాలి సార్ అన్నారు. ఒక్క మాట గురించే మాట్లాడతానన్నాను. అతనికి ఫోన్ చేసి, నువ్వడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది, అందరి ముందు చెప్తాను, తప్పకుండా రావాలన్నాను. కోదాడ నుంచి బస్సెక్కి వచ్చాడు. డిగ్రీ చదువుతున్న కూతుర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. మూడో వరుసలో కూర్చున్నారు. తెల్లచొక్కా ఇస్త్రీ మడతలతో ఉంది.

బాగా మాట్లాడాను. మిల్లు గేటు దగ్గర ఒక కౌలు రైతు అడిగిన ప్రశ్న నా తప్పు దిద్దిందని చెప్పాను. ఫిర్ముస్ దగ్గర మొదలుపెట్టి ఇజారా దాకా, కౌలు దాకా వచ్చాను. ఆ ఏడు యాసంగి మాట కూడా ఎత్తాను. ఎండలకు యాసంగి వడ్లు పచ్చిగా ఆడిస్తే నూకవుతాయి, అందుకే ఉడికిస్తారు. ఉడికించిన బియ్యం కేంద్రం కొననంది, వరి వేయొద్దని రాష్ట్రం చెప్పింది. కాలువ కింద, నీళ్లు నిలిచే ఆ మళ్లల్లో వరి కాక ఏం వేయాలి? వేసినా వేయకపోయినా ఒక్కటి మాత్రం మారదు, కౌలు. ఆ మారనిదాన్నే లాటిన్‌లో ఫిర్మా అన్నారు, దాన్ని మోసేవాడే ఫార్మర్. "మాట పుట్టుక ప్రకారం చూస్తే కౌలుదారే అసలైన ఫార్మర్. మిగతావాళ్లం ఆ పేరు అరువు తెచ్చుకున్నవాళ్లం" అన్నాను. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంటోంది. అతను చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

ఆ తర్వాత సన్మానాలు. ఐదుగురు రైతులకు శాలువాలు. అధ్యక్షుడు మైకు అందుకుని, "ముందుగా ఒక సంగతి చెప్పాలి. మన సారు పంతులే కాదు, రైతు కూడా. కోదాడ దగ్గర నాలుగెకరాల పట్టాదారు. మొదటి శాలువా వారికే" అన్నారు.

మైకు నా ముందే ఉంది. ఆ రైతు నేను కాదు, మూడో వరుసలో ఉన్నాడు అనడానికి ఎంతసేపు పడుతుంది? అంతకుముందే అరగంట మాట్లాడినవాణ్ణి. శాలువా భుజాల మీద పడింది, ఫోటో తీశారు. నేను నమస్కారం పెట్టాను.

బస్టాండు దాకా వాళ్లతో నడిచాను. కోదాడ బస్సు ఇంకా కదలలేదు. నాకు మనసు ఆగలేదు. శాలువా తీసి అతని భుజాల మీద కప్పాను. "నిజానికి ఇది నీదేనయ్యా" అన్నాను. నా గొంతు వణికింది, ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అన్నాను.

అతను జరీ అంచును బొటనవేలితో తడిమి చూశాడు. ఆ గోరు మధ్యకు చీలి ఉంది. చీలికలో బురద నల్లటి గీతలా ఇంకిపోయింది, ఎంత తోమినా పోని గీత. కాసేపు అలాగే చూసి, తలెత్తి అడిగాడు.

"దీనికి కౌలెన్ని బస్తాలు సారూ?"

నవ్వుతూ అనలేదు. ఎత్తిపొడిచినట్టూ లేదు. ఏదైనా చేతికి తీసుకునే ముందు అడగాలి కాబట్టి అడిగిన మనిషిలా అడిగాడు. పద్దెనిమిదేళ్లుగా నా చేతి నుంచి అతను అందుకున్న ప్రతిదానికీ ఒక లెక్క ఉంది మరి. ఆ పిల్ల తల పక్కకు తిప్పుకుంది.

నేను మాట్లాడలేదు. అతను శాలువాను నాలుగు మడతలు పెట్టి, మురికి అంటకుండా నా చేతిసంచిలో పెట్టి, "వెళ్లొస్తం సారూ" అని బస్సెక్కాడు.

డిసెంబరు 28న రైతుబంధు వేయడం మొదలుపెట్టారు. ముందు ఎకరం వాళ్లకు, తర్వాత రెండెకరాల వాళ్లకు, అలా వరుసగా. నా వంతు వచ్చి, ఎకరాకు 5,000 చొప్పున నాలుగెకరాలకు 20,000 రూపాయలు నా ఖాతాలో పడ్డాయి. ఆ మధ్యాహ్నం ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. వాళ్లమ్మాయి ఎత్తింది. నాయన మడిలో ఉన్నాడు, నాటు పడుతోంది సార్ అని చెప్పింది.